పాఠకుల ప్రశ్నలు – జవాబులు: డబ్బు పాఠం చెప్పే సంస్థకు ఊరి తోడ్పాటు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పొదుపు, వడ్డీ, బీమా, మోసాల గురించి జనానికి ఉచితంగా చెప్పే చిన్న స్వచ్ఛంద సంస్థలు ఊరిలోని ఇతర సంఘాలతో, బ్యాంకులతో, దాతలతో ఎలా కలిసి నడవాలన్నదే ఆ విషయం. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మేము ఐదుగురం బ్యాంకులలో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నవాళ్లం. చుట్టుపక్కల ఊళ్లలో ఆర్థిక అక్షరాస్యత పెంచాలని ఒక సొసైటీ రిజిస్టర్ చేయించాం. కరపత్రాలు పంచి, మైకు పెట్టి మూడు సభలు జరిపితే ఏ సభకూ పాతికమంది దాటలేదు. బ్యాంకు, పంచాయతీ, పాఠశాల, డ్వాక్రా సంఘాలలో ముందుగా ఎవరిని కలుపుకోవాలి?
– ఒక విశ్రాంత బ్యాంకు అధికారి, తెనాలి

జవాబు: ముందుగా డ్వాక్రా సంఘాల దగ్గరకే వెళ్లండి. అయితే వాళ్లను మీ సభకు పిలవడానికి కాదు, వాళ్ల సమావేశంలో మీకు ఒక అరగంట ఇమ్మని అడగడానికి వెళ్లండి. మీ సభకు జనం రాకపోవడానికి కారణం మీ పాఠంలో లోపమే కానక్కర్లేదు. కూలి పని ముగించుకుని ఇంటికి చేరిన మనిషి కొత్తగా ఇంకొక సభకు రావాలంటే దానికి తగిన అవసరం ఆమెకు కనబడాలి. సంఘం సమావేశానికి మాత్రం ఆమె ఎలాగూ వస్తుంది, అక్కడ మాట్లాడేది కూడా డబ్బు గురించే. పది పదిహేనుమంది సభ్యులున్న సంఘం, వాటిపైన గ్రామ సమాఖ్య, ఆపైన మండల సమాఖ్య అనే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఏళ్ల తరబడి నిలబడి ఉంది. జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు 1992లో స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే కార్యక్రమం ప్రారంభించాక అప్పుల పుస్తకాలు, తీర్మానాల పుస్తకాలు రాయడం ఈ మహిళలకు అలవాటైన పని అయింది. మీరు వెళ్లేది ఏమీ తెలియనివాళ్ల దగ్గరకు కాదన్న ఎరుకతో వెళితే సగం పని అయినట్టే.

రెండో సగం భాషకు సంబంధించినది. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పనిచేసినవారికి వడ్డీ అంటే ఏడాదికి ఇంత శాతం. ఊరిలో వడ్డీ అంటే నూటికి నెలకు ఇన్ని రూపాయలు. నూటికి రెండు అంటే ఎంత భారమో వాళ్లకు బాగా తెలుసు, అదే అప్పును ఇరవైనాలుగు శాతం అంటే వేరే లోకపు లెక్కలా వినిపిస్తుంది. పావలా వడ్డీ అన్న మాట ఒక ప్రభుత్వ పథకానికి పేరై ఇంటింటికీ చేరిందంటే, ఆ పేరు జనం లెక్కవేసుకునే పద్ధతిలోనే ఉండడం అందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. మీ మొదటి పాఠం ఈ వంతెన మీదే నడవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. పదివేల రూపాయల అప్పు, నూటికి రూపాయి వడ్డీ, పన్నెండు నెలసరి వాయిదాలు అన్నారనుకోండి. అసలు మొత్తం మీద ఏడాది వడ్డీ 1,200 ముందే లెక్కగట్టి, నెలకు 933 రూపాయల చొప్పున కట్టించుకుంటారు. వినడానికి అది పన్నెండు శాతమే. కానీ నెలనెలా అసలు తీరిపోతూ ఉన్నా వడ్డీ మాత్రం తీరిపోయిన అసలు మీద కూడా పడుతూనే ఉంది కాబట్టి, తగ్గుతున్న నిల్వ మీద లెక్కవేస్తే అసలైన రేటు ఏడాదికి సుమారు 21.5 శాతం అవుతుంది. దీన్ని బల్ల మీద చింతగింజలు పేర్చి చూపించినా అర్థమవుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు కొత్తగా ఇచ్చే వ్యక్తిగత, చిన్న వ్యాపార రుణాలకు ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటుతో ముఖ్య వివరాల పత్రం తప్పనిసరిగా ఇవ్వాలి. ఆ కాగితంలో ఏ గడి చూడాలో నేర్పగలిగితే మీ అరగంట సార్థకమైనట్టే.

ఇక బ్యాంకు విషయం. మీ పాత పరిచయాల కొద్దీ నేరుగా బ్రాంచి మేనేజరు దగ్గరకు వెళ్లాలనిపిస్తుంది, కానీ మేనేజరు బదిలీతో ఆ పరిచయం కూడా బదిలీ అయిపోతుంది. ప్రతి జిల్లాలో మిగతా బ్యాంకుల పనిని సమన్వయం చేసే బ్యాంకును లీడ్ బ్యాంకు అంటారు. దాని జిల్లా మేనేజరును, అంటే అందరూ ఎల్‌డీఎం అని పిలిచే అధికారిని కలవండి. లీడ్ బ్యాంకులు తమ ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల ద్వారా శిబిరాలు నడపాలి. గ్రామీణ శాఖలు కూడా నెలకొక శిబిరం, మూడో శుక్రవారం పని వేళల తర్వాత జరపాలని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. శిబిరం జరపవలసిన బాధ్యత వారికుంది, చెప్పగల మనుషులు మీ దగ్గర ఉన్నారు. ఈ రెండూ ఒక కాగితం మీద కలిస్తే అది నిజమైన భాగస్వామ్యం. వారి దగ్గర నుంచి మీరు డబ్బు అడగకండి. జిల్లాలోని బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు కలిసి కూర్చునే జిల్లా సంప్రదింపుల కమిటీ సమావేశంలో మీ సంస్థ పేరు ఒకసారి వినబడేలా చూడమని అడగండి, ముందుముందు అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

పెద్ద స్థాయిలో ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే రిజర్వు బ్యాంకు 2017లో మొదలుపెట్టిన ఆర్థిక అక్షరాస్యతా కేంద్రాల ప్రాజెక్టును గమనించండి. వాడుకలో సీఎఫ్‌ఎల్ అంటారు, పైన చెప్పిన లీడ్ బ్యాంకు కేంద్రాలు వేరు. తొలి దశలో వంద బ్లాకులలో స్వచ్ఛంద సంస్థలూ బ్యాంకులూ కలిసి వాటిని నడిపాయి, తర్వాత దేశమంతటా విస్తరించాయి. తొలి కేంద్రాలు నడిపిన సంస్థలు డిపాజిటర్ల విద్య, అవగాహన నిధి కింద నమోదైనవి. పదేళ్లుగా ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు చేరేది ఆ నిధిలోకే. తన డబ్బు సంగతి మరచిపోయినవాడి డబ్బు, మరచిపోకూడదని ఇతరులకు చెప్పడానికి అక్కరకు రావడంలో ఒక చమత్కారం ఉంది. మీ మండలంలో సీఎఫ్‌ఎల్ పనిచేస్తూ ఉంటే దానితో పోటీ పడకండి, ఊళ్లు పంచుకోండి. పాఠ్య సామగ్రి కూడా కొత్తగా అచ్చు వేయించనక్కర్లేదు, రిజర్వు బ్యాంకు వారి ‘ఫేమ్’ పుస్తకం తెలుగులో ఉచితంగా దొరుకుతుంది.

వేదిక కోసం శాఖా గ్రంథాలయాన్ని అడిగి చూడండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కట్టే ఊరికి ఆ గది మీద హక్కు ఉంది. పైగా 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసిన నేల మనది, వయోజనులకు పనికివచ్చే మాట గ్రంథాలయంలో చెప్పడం మన దగ్గర కొత్త సంగతి కాదు. పంచాయతీని, పాఠశాలను ఆ తర్వాత కలుపుకోవచ్చు.

ప్రశ్న: మా మండల సమాఖ్యకు ఒక స్వచ్ఛంద సంస్థవారు వచ్చి అప్పులు, పొదుపుల గురించి చక్కగా చెబుతున్నారు. ఇప్పుడు వాళ్ల ఖర్చులన్నీ ఒక సూక్ష్మ రుణ కంపెనీ భరిస్తుందట. దానికి బదులుగా పాఠం ముగిశాక ఆ కంపెనీ మనిషి పది నిమిషాలు మాట్లాడతాడట. సంస్థవాళ్లు మంచివాళ్లే, కాదనడానికి మొహమాటంగా ఉంది. ఒప్పుకోవచ్చా?
– ఒక సమాఖ్య సభ్యురాలు, జనగామ

జవాబు: కంపెనీ ఇచ్చే డబ్బు విషయం ఆలోచించవచ్చు. ఆ పది నిమిషాలకు మాత్రం ఒప్పుకోకండమ్మా.

కారణం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కాకపోయినా నష్టం జరగగలదు. మీ సమాఖ్య ఆ సంస్థకు ఇస్తున్నది గది, కుర్చీలు, సమయం మాత్రమే కాదు. మీ అధ్యక్షురాలు పక్కన కూర్చుంటే సభ్యులు ఆ మాటను తమ మాటగా వింటారు. అంటే మీరు మీ మీద ఉన్న నమ్మకాన్ని ఆ సంస్థకు కొంతసేపు అరువిస్తున్నారు. పాఠం చెప్పిన నోరు మూతపడిన మరుక్షణమే అమ్మే నోరు తెరుచుకుంటే, వినేవారికి ఆ రెండింటి మధ్య గీత కనబడదు. అరువిచ్చిన నమ్మకాన్ని అవతలివారు ఇంకొకరికి అరువిచ్చినట్టవుతుంది, అది పోయినప్పుడు తిరిగి కట్టవలసింది మీరే.

మన ప్రాంతం ఈ విషయంలో రెండుసార్లు గట్టి దెబ్బ తిన్నది. 2010లో సూక్ష్మ రుణాల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి, మరుసటి ఏడాది దాన్ని చట్టం చేసింది. ఒకే మహిళ పేరిట నాలుగైదు కంపెనీల అప్పులు ఉండడం అప్పటి చర్చలలో పదేపదే వినిపించింది. సంఘాల ద్వారా ఏర్పడిన పరస్పర హామీ అలవాటును కంపెనీలు సిద్ధంగా ఉన్న మార్కెట్టుగా వాడుకున్నాయన్న విమర్శ అప్పుడే వచ్చింది. రెండోది జనం దగ్గర డిపాజిట్లు సేకరించి తిరిగి కట్టలేకపోయిన అగ్రిగోల్డ్ కంపెనీ. తెలుగు రాష్ట్రాలతో పాటు పొరుగు రాష్ట్రాలలో కలిపి సుమారు 32 లక్షలమంది అందులో డబ్బు పెట్టారు. వారిలో చాలామంది చేత డిపాజిట్ కట్టించినది పొరుగింటివారో బంధువులో అయిన ఏజెంటే. ప్రకటన చూసి పెట్టిన డబ్బు తక్కువ, తెలిసిన మనిషి ముఖం చూసి పెట్టినది ఎక్కువ.

నిబంధనలు అప్పటికంటే ఇప్పుడు మెరుగే. 2022 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఏడాదికి మూడు లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు సూక్ష్మ రుణం అవుతుంది. ఆ కుటుంబం కట్టవలసిన వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. వడ్డీకి మాత్రం పైపరిమితి లేదు. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన కంపెనీలకు 2011 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పాక ఆ కంపెనీలకు ఇక్కడ దారి మళ్లీ సుగమమైంది. కాబట్టి మీకు వచ్చిన ప్రతిపాదన ఇదే చివరిది కాదు. ఇప్పుడే ఒక పద్ధతి పెట్టుకోవడం మంచిది.

ఆ పద్ధతి తీర్మానాల పుస్తకంలో రాయండి. పాఠం జరిగే రోజున ఆ గదిలో ఏ కంపెనీ పథకం పేరూ వినబడకూడదు, దరఖాస్తు ఫారాలు పంచకూడదు, హాజరు పట్టీ గానీ సభ్యుల ఫోను నంబర్లు గానీ గది దాటకూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చిన సంగతి సంస్థవారికి గుర్తుచేస్తే మీ మాటకు బలం కూడా ఉంటుంది. డబ్బు ఇచ్చినవారి పేరు పాఠం మొదట్లో ఒకసారి చెప్పి, కృతజ్ఞత తెలపడంలో తప్పులేదు. దాచిపెట్టడమే తప్పు. సంస్థ ఖర్చులో ఏ ఒక్క దాతదీ మూడోవంతుకు మించకపోతే మేలని నేను చెబుతూ ఉంటాను. అది చట్టం కాదు, నా లెక్క మాత్రమే.

మొహమాటం అన్నారు గనుక ఒక చిన్న పరీక్ష సూచిస్తాను. కంపెనీ ప్రతినిధి ముందు వరుసలో కూర్చుని ఉండగా, ‘పాత అప్పు తీరకుండా రెండో అప్పు తీసుకోకండి’ అన్న వాక్యాన్ని సంస్థవారు మీ సభ్యులకు ఎప్పటిలాగే చెప్పగలరా అని అడగండి. చెప్పగలమని తడుముకోకుండా అంటే పది నిమిషాల షరతు తీసివేయించి డబ్బు తీసుకోమనండి. తడుముకుంటే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: మా సంస్థ కమిటీలో ఒక సభ్యుడు బీమా ఏజెంటు. బాగా మాట్లాడతాడు, ఊరంతా ఎరిగినవాడు. ఆయనచేత పాఠాలు చెప్పించవచ్చా?
– ఒక కార్యదర్శి, ఏలూరు

జవాబు: బీమా పాఠం తప్ప మిగతావన్నీ చెప్పించండి. సైబర్ మోసాలు, ఇంటి బడ్జెట్, పాస్‌బుక్కు చదవడం వంటి వాటికి ఆయన మాటకారితనం బాగా పనికివస్తుంది. బీమా పాఠం రోజున వేరొకరు మాట్లాడాలి. పాఠానికి వచ్చినవారికి కొంతకాలం వరకు, ఏడాది అంటే ఇంకా మంచిది, తాను పాలసీ అమ్మనని ఆయన కమిటీకి రాసివ్వాలి. షేర్లు, ఫండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ప్రతిఫలం తీసుకుని ఫలానా దానిలో పెట్టుబడి పెట్టమని సలహా చెప్పాలంటే షేర్ మార్కెట్టును నియంత్రించే సెబీ వద్ద సలహాదారుగా నమోదు కావాలి. ఫండ్ అంటే ఏమిటో చెప్పడం పాఠం, ఏ ఫండ్ కొనాలో చెప్పడం సలహా.

ప్రశ్న: మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఊరిలో మేము నడుపుతున్న ఆర్థిక అక్షరాస్యత సంస్థకు ఏటా రెండు లక్షలు పంపిస్తానంటున్నాడు. తీసుకోవడానికి అడ్డంకులున్నాయా? ఇక్కడి వ్యాపారుల నుంచి ఎలా సాయం పొందాలి?
– ఒక సంస్థ అధ్యక్షుడు, కరీంనగర్

జవాబు: మీ అబ్బాయి చేతిలో ఉన్నది ఏ దేశపు పాస్‌పోర్టు అన్నదాని మీద మొత్తం ఆధారపడి ఉంటుంది. భారత పౌరుడిగానే ఉండి, అక్కడ సంపాదించిన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆయన ఇచ్చే ప్రతి రూపాయీ విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి. నమోదు కావాలంటే సంస్థ మూడేళ్లుగా పనిచేస్తూ, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. డబ్బు మొదట చేరవలసినది కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే. ‘డబ్బు నా పేరున పంపు, నేను సంస్థకు ఇస్తాను’ అని చుట్టాలు చెప్పే దగ్గరి దారి మాత్రం తొక్కకండి. డబ్బు గురించి జాగ్రత్తలు చెప్పే సంస్థ తన డబ్బు విషయంలోనే చిక్కుల్లో పడితే రేపు ఆ ఊరిలో పాఠం వినేవారుండరు.

పౌరసత్వం మారి ఉంటే ఆయన నుంచి డబ్బుకు బదులు పని అడగండి. అక్కడ రాత్రి అయ్యే వేళకు ఇక్కడ తెల్లవారుతుంది కాబట్టి, ఆదివారం ఉదయం వీడియో ద్వారా కళాశాల విద్యార్థులకు ఒక గంట మాట్లాడవచ్చు. నకిలీ ఉద్యోగ ప్రకటనల గురించి, విదేశీ చదువుల అప్పుల గురించి ఆయన చెబితే వాళ్లు మీ మాటకంటే శ్రద్ధగా వింటారు, ఇది మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు.

వ్యాపారుల విషయానికి వస్తే, సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా పెట్టే ఖర్చు, అనే మాట విని చాలామంది ఆశపడతారు. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు – వీటిలో ఏదో ఒకటి ఉన్న కంపెనీలకే అది తప్పనిసరి. పైగా మీ సంస్థకు మూడేళ్ల అనుభవం, పన్ను శాఖ వద్ద నమోదు, సీఎస్‌ఆర్-1 ఫారం కావాలి. ఊరిలోని రైసు మిల్లు, మందుల దుకాణం, ఎరువుల కొట్టు ఆ లెక్కలోకి రావు గానీ, మీకు నిజంగా పనికివచ్చేవి అవే. ఎరువుల కొట్టు గోడ మీద 1930 అని పెద్ద అక్షరాలతో రాయించే అనుమతి అడగండి. సైబర్ మోసంలో డబ్బు పోయిన వెంటనే ఆ నంబరుకు ఫోను చేస్తే, అవతలి ఖాతాలో ఇంకా మిగిలి ఉన్న సొమ్మును నిలిపివేయించే అవకాశం ఉంటుంది. రోజూ వందమంది నిలబడే చోట ఆ గోడ మీ పది సభలకు సమానం. విరాళాలు ఇచ్చేవారికి మాత్రం పన్ను మినహాయింపుకు పనికివచ్చే విరాళ రసీదు (వాడుకలో 80జి రసీదు) సంగతి తెలియజెప్పండి, రెండువేలకు మించి నగదు ఇస్తే పన్ను మినహాయింపు దొరకదు.

ప్రశ్న: ఏడాదిగా మా సంస్థ పద్దెనిమిది ఊళ్లలో శిబిరాలు నడిపింది. గది, కరెంటు ఇచ్చిన సర్పంచి గారు ‘దీనివల్ల ఊరికి ఏం ఒరిగింది?’ అని అడిగారు. ఎంతమంది వచ్చారో చెప్పగలిగాం, అంతకుమించి చెప్పలేకపోయాం.
– ఒక కార్యకర్త, శ్రీకాకుళం

జవాబు: సర్పంచి గారు సరైన ప్రశ్న అడిగారు. దేశవ్యాప్తంగా 2019లో జరిపిన సర్వేలో ఆర్థిక అక్షరాస్యులుగా తేలినవారు వందకు 27 మంది మాత్రమే. ఎన్నో సభలు జరిగిన తర్వాత వచ్చిన అంకె అది. తలలు లెక్కపెట్టడం మాని, మారిన కాగితాలు లెక్కపెట్టండి.

మీరు ఎంచుకోదగినవి కొన్ని చెబుతాను. పాస్‌బుక్కులో నామినీ పేరు లేనివారు శిబిరం రోజున ఎంతమంది, మూడు నెలల తర్వాత ఎంతమంది అన్నది మొదటిది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు గనుక ఈ మాట మళ్లీ ఎత్తడానికి మంచి సందర్భం కూడా ఉంది. రెండోది పాత డిపాజిట్లు. చనిపోయిన తండ్రి పేరిట ఎక్కడైనా డబ్బు ఉండిపోయిందేమో రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో వెతికి పెట్టిన కుటుంబాలు ఎన్ని, దొరికినవి ఎన్ని అన్నది రాసుకోండి. ఒక్క కుటుంబానికి దొరికినా ఊరంతా మీ దగ్గరకు వస్తుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. చాలా ఖాతాలలో ఏటా 436 రూపాయలు, 20 రూపాయలు తగ్గుతూ ఉంటాయి. మొదటిది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాది, రెండోది సురక్షా బీమాది. జీవన్ జ్యోతి కింద ఏ కారణంతో మరణించినా, సురక్షా కింద ప్రమాదంలో మరణిస్తే, కుటుంబానికి రెండేసి లక్షలు వస్తాయి. భర్త ఖాతాలో ఆ కోత పడుతున్నదని భార్యకు తెలియక, ఆయన పోయాక క్లెయిమే పెట్టని ఇళ్లు ఉంటాయి. మీ ఆశా కార్యకర్తతో, గ్రామ సమాఖ్య సహాయకురాలితో ఒక ఒడంబడిక చేసుకోండి. ఊరిలో మరణం జరిగితే ముందుగా తెలిసేది వాళ్లకే. దినకర్మలు ముగిశాక మీలో ఒకరు ఆ ఇంటికి వెళ్లి, పాస్‌బుక్కు అడిగి, గత జూన్ ముందు వెనుకల ఆ రెండు అంకెలు ఉన్నాయేమో చూడాలి. అలా పెట్టించిన క్లెయిములు ఏడాదికి రెండైనా సర్పంచి గారికి ఆ రెండిళ్ల పేర్లు, వారి అనుమతితో, చెప్పండి.

ఈ బీమాల సంవత్సరం జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. మే చివరి వారంలో ఖాతాలో 456 రూపాయలు లేకపోతే రెండు రక్షణలూ ఆగిపోవచ్చు. కాబట్టి వచ్చే మే రెండో వారంలో, పంచాయతీ దండోరా ఎలాగూ వేయిస్తుంది కనుక, అందులో ఈ ఒక్క వాక్యం చేర్చమని సర్పంచి గారినే అడగండి.